రంపపు పొట్టులో కప్ప

బడులకు జంతువుల బొమ్మలు చేసే మేస్త్రికి నీళ్లంటే పగ. పగ ఉండదూ మరి! పనిగదినిండా ప్లాస్టరు బస్తాలు, ఏ బస్తాకు తడి తగిలినా పొడంతా రాయైపోతుంది. అందుకే ఆ గదిలోకి చెంబు కూడా రానివ్వడు, పొడిని పెరట్లోకి మోసుకెళ్లి కలుపుకొస్తాడు.

అలాంటి ఇంటికి, బావ పోయాక, అక్కను తెచ్చుకున్నాడు. ఆమె బతుకంతా నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టిన మనిషి. మేడ మీద ఎండ వచ్చే మంచి గది ఇచ్చి, కొత్త పరుపు వేయించాడు. అయినా ఆమెకు ముద్ద దిగడం లేదు, మనిషి సగమైంది. వెళ్లిపోతానంటుందేమోనని తమ్ముడి గుండె పీచుపీచుమంటోంది.

అంతలో ఒక బడివాళ్లు ఎలుక, కప్ప బొమ్మలు అడిగారు. రెండింటికీ వెన్నెముక ఉంది, అక్కడితో చుట్టరికం సరి. ఎలుక క్షీరదం: ఒళ్లంతా వెంట్రుకలు, వెచ్చటి రక్తం, పిల్లలకు పాలు. కప్ప ఉభయచరం: నున్నటి చర్మం, నీళ్లలో గుడ్లు, బాల్యం తోకతో నీటిలో, పెద్దరికం గట్టు మీద. ఇవన్నీ మేస్త్రికి నోటికొచ్చు. చూసి చేద్దామని రెండింటినీ పట్టుకొచ్చి, చెరో పెట్టెలో పొడి రంపపు పొట్టు పరిచి పెట్టాడు. మధ్యాహ్నానికి ఎలుక గూడు కట్టుకుంది. కప్ప ముడుచుకుపోయింది.

భోజనానికి పిలవడానికొచ్చిన అక్క కప్పను చూసి కేకేసింది.

"ఏం పనిరా ఇది? చచ్చిపోతోంది!"

"మెత్తగానే వేశాగా అక్కా."

"మెత్తదనం ఎవడడిగాడు? దానికి తడి కావాలి. అది చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, ఒళ్లు ఆరిపోతే ఎలా ఆడుతుంది?"

కప్పను తడిగుడ్డలో పట్టుకుని పరుగున వెళ్లి, పెరటి కుళాయి పక్క గుంటలో వదిలింది. కాసేపటికి దాని గొంతు కింద చర్మం కదిలింది. మోచేతుల దాకా బురదతో అక్క నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు.

మేస్త్రికి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గేసింది.

"అక్కా, నిన్నూ పొట్టులోనే పెట్టానా?"

ఆమె కాదనలేదు. "గది మంచిదేరా. నాకే పొద్దు పోవట్లేదు. పెరట్లో ఆ కొట్టుగది ఇస్తావా?"

"దాని గోడలన్నీ చెమ్మే!"

"కుళాయి పక్కనేగా. నాలుగు మొక్కలు పెట్టుకుంటా."

సాయంత్రం మంచం దించుతూ మెట్టుమెట్టుకూ గొణిగాడు. పెరట్లోకి రాగానే అక్క నిండు బకెట్‌తో ఎదురొచ్చింది.

"అడ్డు లేరా, నీళ్లు ఒలుకుతాయి."

మేస్త్రి పక్కకు జరిగాడు.