జేజి ఊదిన సూరా

మొన్న మా మనవరాలు ఫోను నా చేతికిచ్చింది. అందులో ఎవరో మహానుభావుడు అరబ్బీలో ఖురాన్ చదువుతుంటే, కింద తెలుగు అర్థం వరసగా నడిచిపోతోంది. "చూడు అమ్మమ్మా, ఇట్ట నొక్కితే చాలు, అర్థం వచ్చేస్తుంది" అన్నది, అదేదో తనే కనిపెట్టినట్టు. వస్తుంది తల్లీ, ఎందుకు రాదు! మా జేజికి అర్థం వచ్చిన రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, గాలి తిరిగితే ఎండుచేపల వాసన వంటింట్లోకి వచ్చే ఊరు మాది. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. అరబ్బీ దేవుడితో మాత్రమే. జేజికి ఊహ తెలిసేలోపే అమ్మా నాయనా పోతే, పెద్దమ్మ చేరదీసి, చింతబరికె పక్కన పెట్టుకుని ఖురాన్ నేర్పించిందట. అక్షరాలొచ్చాయి, నోరు తిరిగింది, అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. తెలియదన్న దిగులూ లేదు. "ఆయన మాట ఆయనకు తెలీదా ఏంది? నేను చదివితే చాల్లే" అనేది. తెల్లవారి నమాజయ్యాక చాప మీద కూర్చుని, చెక్కపీట మీద ఖురాన్ తెరిచి ఆమె చదువుతుంటే, లేచి కూడా లేవనట్టు దుప్పట్లో పడుకుని వినేదాన్ని. అదొక సుఖం. పిల్లకాయలు జడుసుకుంటే రేవులో చేపలు పట్టేవాళ్ళ ఆడవాళ్ళు కూడా చంకనేసుకుని వచ్చేవాళ్ళు. జేజి ఏదో చదివి మొహాన ఉఫ్‌మని ఊదేది. మర్నాడు గంప అడుగున నాలుగు కానాగంత చేపలు మా గడప దగ్గర దిగేవి. వద్దంటే వినేవాళ్ళు కాదు, ఆమె కూడా మరీ గట్టిగా వద్దనేది కాదనుకోండి.

ఇక మా వీధిలో ఏ పెళ్ళికూతురు అత్తారింటికి కదిలినా జేజి తల మీద చెయ్యిపెట్టి ఒక చిన్న సూరా, అంటే చిన్న అధ్యాయం, చదివి ఊదాల్సిందే. ఎప్పుడూ అదొక్కటే. అయిదు ముక్కలు, ప్రతి ముక్కా చివర ఒకటే దరువు, రోకటి పోటులాగా. ఆ దరువంటే ఆమెకు ప్రాణం.

నా పెళ్ళి కుదిరిన ఏడు మా చిన్నాయన, నెల్లూరులో బళ్ళో అయ్యవారి పని చేసేవాడు, ఖురాన్‌కు తెలుగు అర్థాల పుస్తకం తెచ్చాడు. "అర్థం తెలీకుండా చదివితే ఏమొస్తుందమ్మా?" అన్నాడు. "నీకు అయ్యవారి పనొచ్చిందంటే నేనట్టా చదివి అడగబట్టే గదరా అబ్బయా" అంది జేజి. అయినా కొడుకు తెచ్చాడని మురిపెం. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని గనుక చదివే పని నా మీద పడింది. "ముందు పెళ్ళికూతుళ్ళది తియ్యమ్మే, నీకూ అదే గదా ఊదబోయేది" అంది.

తీశాను. గొంతు సవరించుకుని చదివాను. ప్రవక్తగారికి కీడు తలపెట్టిన ఒక పెద్దమనిషి నాశనమైపోతాడట. అతని డబ్బు అక్కరకు రాదట. కట్టెలు మోసే అతని పెళ్ళాం కూడా మంటల్లోకే పోతుందట, మెడలో నారతాడుతో. చిన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. జేజి నవ్వలేదు.

"అయితే ఊళ్ళో ఆడబిడ్డలందరి మెడల్లో నారతాడు ఏసి పంపినానా నేను?" అంది. మొగుడితో పడక పుట్టింటికి తిరిగొచ్చిన ఎదురింటి పిల్లను తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది ఆ పెద్దమనిషికి చెప్పిన మాట, వీళ్ళకు తగలదమ్మా అని చిన్నాయన ఎంత చెప్పినా వినలేదు. మర్నాటి నుంచి నమాజయ్యాక పీట మీద ఖురాన్ తెరవలేదు. బిడ్డను తెచ్చిన రేవామెతో "నాకు తెలీదమ్మా, మసీదుకు పో" అంది. ఆమె నమ్మలేక చాలాసేపు గడపలోనే నిలబడింది.

తెల్లవారితే ఇల్లు బోసిపోయినట్టుండేది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ, "పెద్దామె నోరు మూయించినావు, సంతోషమా అబ్బయా?" అని మరిదిని కడిగేసింది. ఆయన పాపం మెతుకు ముట్టకుండా లేచిపోయాడు. నా భయం నాది. జేజి చెయ్యి తల మీద లేకుండా ఊరుగాని ఊరికి ఎట్లా పోయేది? "నువ్వు ఊదకపోతే నేను బస్సెక్కను" అని తెగేసి చెప్పాను. "శాపం పెట్టించుకుంటావా ఏందే పిచ్చిదానా?" అని అటు తిరిగి కూర్చుంది.

పెళ్ళి దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం జేజి పెరట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పుస్తకం పట్టుకుని పోయాను. తాత పోయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే తప్పకుండా చదివే సూరా ఒకటుంది కదా, దాని అర్థం చూద్దామన్నాను. "వద్దమ్మే. అది కూడా ఎవురికి తగిలే శాపమో ఏమో. అదొక్కటన్నా నాకుండనీ" అంది. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. అయినా చదివాను. నీ ప్రభువు నిన్ను వదిలేయలేదు, నీ మీద ఆయనకు కోపం లేదు అని ఉంది. తల్లీ తండ్రీ లేనివాడివైతే నీకు నీడ చూపలేదా అని ఉంది.

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "మళ్ళా చదువు" అంది. మళ్ళీ చదివాను.

"ఇన్నేండ్లూ నేనే ఆయనకు చెప్పుకుంటా ఉండాననుకున్నానే. ఆయన నాకు చెప్తా ఉండాడా? నా నోటితోనే నాకు చెప్పినాడా అమ్మే!" అని, బియ్యపు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి తనే ముక్కు చీదుకుని, "మీ చిన్నాయన్ని పిలువు. వాడికి అన్నం పెడతా" అంది.

పెళ్ళినాడు బస్సు దగ్గర నా తల మీద చెయ్యిపెట్టి ఆ పొద్దుటి సూరానే నిదానంగా చదివి ఊదింది. వక్కాకు వాసన, అత్తరు వాసన కలిసి మొహాన తగిలాయి. తర్వాత చెవిలో తెలుగులో, "ఆయన నిన్ను యాడా వదిలిపెట్టడు, పోయిరా" అంది. రేవు పిల్లకాయలకు మాత్రం ఆ తర్వాత చివరిదాకా ఆ రోకటిపోటు సూరానే ఊదిందట. "జడుపుకు ఆ మాత్రం గద్దింపు ఉండాల్లే" అనేదట.

అత్తగారి ఊరు కొడవలూరు దాకా బస్సులో నేను ఏడవలేదు. అర్థం చదివి వినిపించింది నేనే కదా, నాకంతా తెలుసుననే ధీమా. మా ఆయన పోయాక ఒక తెల్లవారుజామున ఆ పొద్దుటి సూరా మొదలుపెట్టి, నీ ప్రభువు నిన్ను వదిలేయలేదు అన్నచోటు దాటి ముందుకు పోలేక కూర్చుండిపోయాను. ఆనాడు పెరట్లో నేను తెలుగులో చదివింది కూడా ఉత్త వల్లింపేనని తెలిసేసరికి నాకు జేజి వయసు వచ్చింది.