శంకరవ్వ చాటలో పుప్పొడి

శంకరవ్వ ప్రాణమంతా రెండింటి మీదే. ఒకటి మనవరాలు నవత, రెండోది మామిడి కొమ్మ మీది బదనిక. ఎవరు ఎక్కువని అడిగితే మాత్రం నవ్వి బీడీ చుట్టుకునేది.

ముప్పై ఏళ్ల కిందట ఆదిలాబాద్ అడవికి తునికాకు కోయబోయి, కూలిన చెట్టు మీద వాడిపోతున్న ఆ మొక్కను కొంగులో కట్టుకొచ్చింది. ధర్మపురి దగ్గర తన ఇంటి ముందరి మామిడి కొమ్మకు బీడీ దారంతో కట్టింది. దానికి మట్టి అక్కర్లేదు, వేర్లు గాలిలోనే వేలాడతాయి. దాన్ని ఆర్కిడ్ అంటారని నవత బడి నుంచి వార్త మోసుకొస్తే, "గా పేరు పెడితె ఎక్కువ పూస్తదా?" అంది. ఏడాదికి ఒక్కటే కంకి, నాలుగైదు పూలు. గోధుమరంగు రేకులు, మధ్యలో ఊదారంగు నాలుక.

ఈ ఎండాకాలం ఏకంగా ఆరు కంకులు వేసింది. శంకరవ్వ వాడకట్టంతా పిలిచి చూపించింది. కింద కూర్చుని బీడీలు చుడుతుంటే ఒళ్లోని చాటలో పసుపుపచ్చ పొడి రాలేది. పుప్పొడి రాల్చి పువ్వు దీవిస్తోందని కళ్లకద్దుకునేది.

"గది పుప్పొడి కాదు బాపమ్మా, పురుగు తొలిచిన పొట్టు. పురుగు పియ్యికి మొక్కుతున్నవ్!"

"నోర్ముయ్, పిశాచీ."

నవ్వడం అయ్యాక నవత పైకి చూసింది. ఆ కొమ్మకు ఒక్క ఆకు లేదు.

పక్కింటి వడ్రంగి వెంకటేశ్ నిచ్చెనెక్కి గొడ్డలి మడమతో కొమ్మను తట్టాడు. ఖాళీ కుండలా మోగింది.

"లోపలంత డొల్ల, పెద్దవ్వా. ఆకు రాలి ఎండ తగిలింది, గందుకే గిన్ని పూసింది. కొమ్మ సస్తుంటె గిది పండుగ జేసుకుంటున్నది. కోసేస్త."

"పూలు రాలినంక కొయ్యి. ఇప్పుడు ముట్టినవంటె నీ చెయ్యి కోస్త."

పూలు నెలైనా రాలలేదు. పొడి మాత్రం రోజురోజుకూ ఎక్కువైంది. గాలి లేని మధ్యాహ్నాల్లో కూడా పైన కిర్రుమనేది. శంకరవ్వ విననట్టే బీడీ ఆకు కత్తిరించేది.

గోదావరి మీదుగా తొలి మబ్బు లేచిన రోజు నవత వచ్చి ఆమె పక్కన చాప మీద చతికిలబడింది.

"ఇంట్లకు పో బిడ్డా."

"ఎందుకు? దీవెన నీ ఒక్కదానికేనా? నా మీద గూడ పడనీ."

పడింది, నల్లటి జుట్టు మీద పిడికెడు. చాటలో పుప్పొడిలా కనిపించినది, పిల్ల నెత్తి మీద పొట్టులాగే కనిపించింది. శంకరవ్వ చాట విసిరేసి, నవత రెక్క పట్టి గుమ్మం దాకా లాక్కుపోయింది.

"వెంకటేశూ! రంపం తే!"

ముందు మొక్కను ఊడదీయించింది. బెరడును పట్టుకున్న వేర్లు సగం తెగాయి. తర్వాత రంపం నాలుగుసార్లు ఆడిందో లేదో, కొమ్మ తనంతట తానే విరిగి చాప మీద పడింది.

ఇప్పుడు బదనిక వాకిట్లోని వేపకు, అదే దారంతో కట్టి ఉంది. రెండేళ్ల దాకా పూయకపోవచ్చట. "అప్పటిదాంక నువ్వుంటవా?" అని నవత ఉడికిస్తే, "నిన్ను అత్తగారింటికి తోలినంకనే పోత" అంటుంది శంకరవ్వ.

కానీ వేప కింద కూర్చునే ముందు రోజూ నేల మీద అరచెయ్యి రాసి చూసుకుంటుంది. ఏమీ అంటకపోయినా, ఒకసారి పైకి చూస్తుంది.