పలుపు కోసం కుప్పం దాకా

ఏడాదిన్నర తర్వాత ఈ బ్లాగులో మళ్లీ రాస్తున్నాను. కొత్తగా చదివేవారి కోసం: మాది అంగళ్లు దగ్గర ఒక పల్లె. ఎర్రబస్సెక్కి చుట్టుపక్కల ఊళ్లు తిరగడం, ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ మారాలి, టిఫిను ఎక్కడ బాగుంటుంది అని రాసి పెట్టడం నాకున్న ఒకే సరదా. మధ్యలో మా ఆవిడకు కిడ్నీలు చెడిపోయాయి. పద్నాలుగు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. ఆమె పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇప్పుడు ఇంట్లో నేనూ మా అత్తా ఉంటాం. కూతురికి సాయంగా వచ్చింది, కూతురు పోయాక కూడా ఉండిపోయింది. పొద్దున ఆమె రాగి సంగటి కెలుకుతుంది, నేను తిని చేనికి పోతాను. సాయంత్రం టీవీ పెట్టుకుంటాం. ఇద్దరం దాని ముందు కూర్చుంటాం కానీ అందులో ఏం వస్తోందో అడిగితే ఇద్దరమూ చెప్పలేం. ఇన్ని నెలల్లో ఆమె నన్ను గట్టిగా అడిగింది ఒక్కటే ప్రశ్న. "పలుపు యాడ పెట్టినావప్పా?"

ఆవు మెడకు కట్టే తాడును మా వైపు పలుపు అంటారు. పశువును అమ్మినప్పుడు పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త తాడు తెచ్చుకుని కట్టుకుంటాడు, అమ్మినవాడు పాతది విప్పుకుని ఇంటికి తెచ్చి పశువుల కొట్టంలో తగిలిస్తాడు. అది చేజారితే ఆ కొట్టంలో మళ్లీ పశువు నిలవదని నమ్మకం. ఆసుపత్రి కోసం మా ఆవును పుంగనూరు సంతలో అమ్మిన రోజు నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. పలుపుతో సహా ఆవును అప్పజెప్పి బస్సెక్కాను. చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, అది పేరున్న పుంగనూరు పొట్టి జాతి ఆవు కాదు. మామూలు నాటావు.

ఆ తర్వాత ఇంకో ఆవును కొందామంటే మా అత్త ఒప్పుకోలేదు. పలుపు లేని కొట్టంలోకి పశువును తోలకూడదంది. పోయిన నెల ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఆవూ లేదు, దూడా లేదు. ఈడ నాకేం పని ఉండాది? కోలారుకు, సిన్నబిడ్డ ఇంటికి పోతా," అంది. ఆమె పోతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. పలుపు తెస్తే ఆవును తేవచ్చు, ఆవు ఉంటే ఆమె ఉంటుంది అనుకున్నాను. ఆవును కొన్న మనిషి పేరు గంగప్ప. ఊరు కుప్పం అవతల. ఆ రోజు ఆయన బేరం ఆడకుండా కొన్నాడు. నా చేయి పట్టుకుని బస్సు దాకా తీసుకెళ్లి ఎక్కించాడు. ఆయనకు ఒక దండం కూడా పెట్టలేదన్నది నా మనసులో ఉండిపోయింది. రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అవుతాయని మర్నాడు బయలుదేరాను. ఎక్కడికని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మదనపల్లె బస్టాండులో ఆరూ పదికి పుంగనూరు బస్సు దొరికింది. ఆ వేళకే టమోటా బాక్సుల బండ్లు మార్కెట్టు వైపు వరుస కట్టి ఉంటాయి. వాటిని దాటడానికే పావుగంట పడుతుంది, ముందే చూసుకోండి. టికెట్టు యాభై లోపే. బస్సులో ఎక్కువ ఆడవాళ్లే, వాళ్లకిప్పుడు టికెట్టు లేదు. నేను చిల్లర తీస్తుంటే కండక్టరు, "తీయప్పా తీ. మొగోళ్లు నలుగురే ఉండారు బస్సులో. మీ దుడ్లతోనే ఈ బండి పోవాల," అన్నాడు. వెనక సీటులో ఒకావిడ, "యాల, మేమేమన్నా పైన కూసున్యామా? సీట్లోనేగా కూసున్యాం," అంది. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఏడూ ఇరవైకి పుంగనూరులో దిగాను. బస్టాండు ఎదురు సందులో తాటాకు పందిరి కింద ఒక టిఫిను అంగడి ఉంది. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసి ఇస్తారు, నాలుగు ముప్పై రూపాయలు. ఇంతకు ముందు ఈ దారిలో వచ్చినప్పుడల్లా అక్కడ తిని, ఇంటికి ఒక పొట్లం కట్టించుకునేవాణ్ణి. వండే ఆవిడ ఇంకా గుర్తుపెట్టుకుంది.

"శానా దినాలయింది నువ్వొచ్చి. పార్సిలు కట్టేదా?"

"వద్దమ్మా."

"తిరిగొచ్చేటప్పుడు కట్టించుకుంటావా? పన్నెండుకే అయిపోతాది సూడు."

"వద్దులేమ్మా. తినేవాళ్లు లేరు."

ఆమె చేయి తుడుచుకుంటూ ఒక నిమిషం నావైపు చూసింది. అడక్కుండానే ఇంకో ఇడ్లీ వేసి, దానికి డబ్బులు తీసుకోలేదు.

పుంగనూరు నుంచి పలమనేరుకు బస్సులు తరచుగా ఉంటాయి. పలమనేరులో కుప్పం బస్సు పట్టుకోవాలి. వి.కోట దాటాక రోడ్డు పక్కన కొండలను చెక్కేసిన రాతి క్వారీలు కనిపిస్తాయి. బస్సులో కన్నడమూ అరవమూ కలిసిన తెలుగు వినిపిస్తుంది. కుప్పం చేరేసరికి పదకొండున్నర. అక్కడి నుంచి గంగప్ప ఊరికి షేర్ ఆటో ఇరవై రూపాయలు. పేరు చెబితే ఆటో అతను నన్ను నేరుగా ఆయన ఇంటి ముందే దింపాడు.

గంగప్ప చేనికి పోయి ఉన్నాడు. ఆయన భార్య మునిలక్ష్మి వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనెవరో చెప్పగానే లేచి మంచం వాల్చింది. ఆవు కొట్టంలోనే ఉంది. ఈని ఇరవై రోజులట, పెయ్యదూడ. నన్ను చూసి తల తిప్పి మళ్లీ మేత మేసుకుంది. గుర్తుపట్టలేదు. పట్టినా చెప్పదు కదా. మెడలో అదే పలుపు ఉంది, చెమటకు నల్లబడి.

గంగప్ప వచ్చాక దండం పెట్టి, ఆ రోజు సంగతి ఎత్తాను. ఆయన చేయి అడ్డంగా ఊపాడు.

"దానికేంలేప్పా. ఇంట్లో ఆయమ్మకు ఎట్లుండాది?"

చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపయ్యాక పలుపు సంగతి బయటపెట్టాను. ఆయన తల వంచుకున్నాడు.

"ఆ పొద్దే అడగాల్సింది నేను. కొత్త తాడు నా సంచిలోనే ఉండె. నీ మొగం సూసి, ఇప్పుడు ఈయన్ని నిలబెట్టి పలుపు మార్సేదేంది, పోనీలే అనుకున్యా."

మునిలక్ష్మి మాత్రం చిక్కుళ్ల చేట పక్కన పెట్టేసింది.

"ఇదేం మాటప్పా! ఆ పలుపు వచ్చినప్పట్నుంచే మా ఇంట్లో పాలు నిలిసినాయి. అంతకుముందు రెండావులు సచ్చిపోయినాయి మాకు. పచ్చిబాలింత ఆవు మెడలోంచి పలుపు తీసిస్తే నా దూడ గతేం కావాల?"

"ఏయ్, ఆయన వస్తువేగదా," అన్నాడు గంగప్ప.

"అయితే నువ్వు పోయి విప్పు. రేపు అది పాలియ్యకపోతే నువ్వే ఇద్దువులే!"

గంగప్ప లేవలేదు. మేలు చేసిన మనిషి ఇంటికి వచ్చి భార్యాభర్తలకు తగవు పెట్టానని నాకు సిగ్గేసింది. వట్టి చేతులతో పోతే మా అత్తకు ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ తీసి ఆమెకే చేశాను. నేను ఎక్కడున్నానో చెబుతుండగానే మునిలక్ష్మి ఫోను తీసుకుని, స్పీకరు పెట్టి తన బాధంతా చెప్పుకుంది.

"ఏ పక్క కూసుని పిండుతాండావు?" అని అడిగింది మా అత్త.

"ఎడం పక్కమ్మా. అందరి మాదిరి కుడి పక్క కూసుని మొదట్లో రెండు తన్నులు తిన్యా."

"తంతాది. దానికి ఎడం పక్కే అలవాటు. ఉలవలు పెడతాండావా?"

"ఉడకబెట్టి పెడతాండానమ్మా."

"మంచిపని. ఇంగ మా అల్లుని మాట పట్టించుకోవద్దు. ఈనిన ఆవు మెడలోంచి పలుపు విప్పుతారా ఎవరన్నా? నాతో ఒగ మాట సెప్పకుండా పోయినాడు సూడు, యాభై ఏండ్లొచ్చినాయి, బుద్ధి ఉండాదా!" గంగప్ప నవ్వు ఆపుకోలేక పక్కకు పోయాడు. "ఉంచుకో తల్లీ. సేజారితేనే తప్పు, మనసారా ఇస్తే తప్పు లేదు. నా బిడ్డ పేనింది అది. నార సీల్చిచ్చింది నేను, పేనింది బిడ్డ. తెగినాకనే తియ్యి."

మునిలక్ష్మి ఫోను నా చేతిలో పెట్టి కొట్టంలోకి వెళ్లింది. పలుపును కూతురితో కలిసి చేసిందని మా అత్త అంతవరకు నాకు చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

"వచ్చేటప్పుడు కుప్పంలో కిత్తనార దొరుకుతాదేమో సూడు, రెండు కట్టలు," అని మా అత్త ఫోను పెట్టేసింది.

వాళ్లింట్లో సంగటి, చిక్కుడుకాయల పులుసు తిన్నాను. రెండున్నరకు కుప్పంలో తాళ్ల అంగడిలో నార కొని, వచ్చిన దారినే ఏడుకల్లా మదనపల్లె చేరాను. దారంతా సంతోషంగానే ఉన్నాను. నార తెమ్మందంటే ఉంటుందనే అనుకున్నాను.

మూడు రోజులు వాకిట్లో కూర్చుని మా అత్త పలుపు పేనింది. ఒక కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. మూడోరోజు దాన్ని కొట్టంలో తగిలించి చేతులు దులుపుకుంది. సోమవారం సంచి సర్దుకుంది. "ఆవును తోలుకో. చూడి ఆవునే సూసుకో. ఈనే దినం దగ్గరపడినాక ఫోన్ చెయ్యి, వస్తా," అంది. కోలారు బస్సెక్కించి వచ్చాను. నేను అనుకున్నది తప్పింది. పలుపు పోయిందన్న కోపమే ఆమెను ఇన్నాళ్లూ మా ఇంట్లో కట్టి ఉంచినట్టుంది. ఇప్పుడు టీవీ పెట్టడం లేదు. సంగటి నేనే కెలుక్కుంటున్నాను, ఉండలు కడుతోంది. అయినా పద్నాలుగు నెలల ఆసుపత్రుల్లో మాకు సాయం చేసిన వాళ్లలో ఒక్కరికైనా ఎదురుగా నిలబడి దండం పెట్టుకోగలిగాను. వచ్చే వారం పుంగనూరు సంతకు వెళ్తున్నాను.

ఒక సూచన. ఒక్క రోజులో కుప్పం పోయి రావాలంటే మధ్యాహ్నం మూడు లోపల అక్కడ బస్సెక్కండి, ఆ తర్వాత పలమనేరులో ఎక్కువసేపు కాచుకోవాలి. సంతకు వెళ్లేవాళ్లయితే, కొనడానికైనా అమ్మడానికైనా, సంచిలో ఒక కొత్త పలుపు పెట్టుకోండి. ఎదుటి మనిషి ఎంత తొందరలో ఉన్నా ఒక్క నిమిషం ఆపి, పాతది విప్పి అమ్మినవాళ్ల చేతికి చేరేలా చూడండి.