ఉడికిపోయిన వామి

ఆ ఏడు వేరుశనగ పీకి చేలో ఆరబెట్టిన వారంలోనే ముసురు పట్టింది. బెళుగుప్ప వైపు ఊళ్లలో వాన వద్దనుకునే రోజులు అవి తప్ప వేరే ఉండవు. కాయలు కోసుకున్నాక మిగిలే తీగను మేం కట్టె అంటాం. ఎండాకాలమంతా ఆవుకు అదే మేత. కుళ్లిపోతుందేమోనని, కాస్త తెరిపి ఇవ్వగానే నాయనా నేనూ గబగబా వామి వేసి, పైన పట్ట కప్పేశాం.

కొన్నాళ్లకు విప్పితే లోపల వేడిగా ఉంది. కట్టె పొగాకు రంగుకు తిరిగి, బెల్లప్పాకం వాసన వేస్తోంది. ఆవు ఎగబడి తినింది. అది అలా తింటుంటే నాయన ముఖం వెలిగిపోయింది.

అయితే పాలు తగ్గుతూ వచ్చాయి. పక్కటెముకలు తేలాయి. నాయన ఇంకో మోపు వేసేవాడు, ఆవు అదీ తినేసేది.

"కడుపు నిండా మేస్తాండాది, ఒంటికి పట్టల్యా," అంటూ దాని వీపు నిమిరేవాడు.

చివరికి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ఆవును చూసి, పేడ చూసి, వామిలోంచి గుప్పెడు కట్టె లాగి వాసన చూసింది.

"తడి మీదే వామి వేసినారా పెద్దాయనా? లోపలే ఉడికిపోయిండాది. అట్ల కాగితే కట్టెలో ఉండే ప్రోటీను ఆవుకు అరగదు, పేడలో పోతాది. రుచికి తింటాది గానీ పాలకు బలం రాదు."

నాయన ఆవు మెడ మీద చెయ్యి వేశాడు. "అంటే ఇన్నాళ్లూ దానికి ఉత్తదే పెట్టినానా తల్లీ?"

"ఉత్తది కాదులే. ఆకలి తీర్చినావు. ఆ వానలో ఎవరైనా అదే చేస్తారు," అందామె. పూత మీదున్న అలసంద తీగ కోసి, ఒక పూట వాడబెట్టి, ఈ కట్టెలో కలిపి పెట్టమంది.

మాకు బోరు లేదు. వెనక వీధి చిన్నమ్మ తన బోరు కింద మేకల కోసం అలసంద వేసుకుంది. అడగడానికి నాయన మొహమాటపడితే నేనే పోయాను. నా మాట పూర్తి కాకముందే ఆమె కొడవలి అందుకుంది.

"ఇంత మాటకు మీ నాయన రాలేకపోయినాడా? నోరులేని జీవం అది. దా, కోసుకుందాం."

మొదట కొంచెం కొంచెంగానే పెట్టాం. నెల తిరిగేసరికి ఆవు ఒళ్లు నునుపు తేలింది. పాలు మునుపటంత కాకపోయినా పెరిగాయి. ఒక సాయంత్రం నాయన చెంబు నిండా పాలు పట్టుకుని తానే చిన్నమ్మ ఇంటికి నడిచాడు. ఆమె కాచి ఇచ్చిన కాఫీ తాగి, మేకల సంగతులన్నీ మాట్లాడి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు.