టీచరమ్మ విన్న మాట

కరోనా రోజుల్లో ఒక ఉదయం పది గంటల పది నిమిషాలకు, మణుగూరులో సరోజ తన కూతురి ముందు ఫోన్‌లో క్లాస్ పెట్టింది. ఆన్‌లైన్ చదువులు తల్లుల మనసును ఎలా నలిపేస్తున్నాయో తెలుసుకోవడం నా పరిశోధన. "మీ మాట బయటికి పోదు. ఏడుపొస్తుందా?" అని సరోజ పక్కన కూర్చుని అడిగాను.

"రోజూ వస్తది మేడం. ఆ టీచరమ్మ ఇచ్చే హోంవర్క్ చూస్తే ఇంకా జల్దీ వస్తది."

"అక్కా, మైక్ ఆన్‌ల ఉంది," అంది ఫోన్‌లోంచి టీచరమ్మ.

సరోజ కొంగుతో ముఖం కప్పుకుంది. ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని నేను గబగబా మైక్ ఆపబోయాను.

"నాకూ గట్లనే ఉందక్కా. మా పిల్లతోని నేనే హోంవర్క్ చేయించలేకపోతున్న," అంది టీచరమ్మ.

"మరి మాకెందుకిస్తున్నరు టీచరమ్మా?" అంది క్లాసులోని ఇంకో తల్లి.

అన్ని ఇళ్లలోంచీ నవ్వులు వినిపించాయి. సరోజ కూడా కొంగు తీసి నవ్వింది. ఆ ఏడాదే మా అమ్మ పోయింది; ఆ తర్వాత నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే.

ఇప్పుడు నేను తల్లులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం లేదు; అందరినీ ఒకే కాల్‌లో కలిపి, వాళ్లనే మాట్లాడుకోనిస్తున్నాను.