చింతగింజల బడి

ఆడపిల్లకు చదువెందుకని కొడుకు నూకరాజు తన కూతురు గంగాభవానిని బడి మాన్పించిన నాటి నుంచీ సూరమ్మ పళ్ళు నూరుతూనే ఉంది. రాయపూర్ రైల్వే క్వార్టరులో, వేసవి మధ్యాహ్నాల్లో, తడిపిన వట్టివేళ్ల తడిక వెనక కూర్చుని, చింతగింజలు నేలమీద పేర్పించి మనవరాలికి తెలుగు అక్షరాలు నేర్పేది. గింజ వంకరపోతే పిల్ల పకపకా నవ్వేది. ముసలమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆ రోజు డ్యూటీ దిగి వచ్చిన నూకరాజు, "ఏటమ్మా ఇంటినిండా ఈ కచరా?" అంటూ పేర్చిన గింజలను బూటుకాలితో తన్నాడు. పిల్ల ఏడవలేదు. చెల్లాచెదురైన గింజలను ఒక్కొక్కటే ఏరి కళ్ళకద్దుకుంది.

సూరమ్మ చేతిలోని విసనకర్ర విసిరికొట్టి లేచింది.

"హిందీ బడిలో సదివినోడివి, తెలుగచ్చరం నీకేటి తెలుస్తాదిరా? నువ్వు చెప్పవే, మీ నాన్న దేన్ని తన్నాడో!"

"నీ పేరే నాన్నా," అంది పిల్ల. "ఇయాలే రాయడం వచ్చింది."