బరాత్ కారుకు రేడియేటర్

మా ఆయన దుబాయ్ నుంచి వచ్చేసి చేసిన మొదటి పని ఇంటికి రంగులు వేయించడం కాదు, నాకు గొలుసు కొనడమూ కాదు. హైదరాబాద్ వెళ్ళి ఒక పాత జర్మనీ కారు తెచ్చాడు. అక్కడ అరబ్బుల ఇంట్లో ఇన్నేళ్ళూ అలాంటి కారే నడిపాడట. నల్లగా, ఇంత పొడుగున ఉంది. మా గల్లీ మలుపు తిరగాలంటే ముందుకీ వెనక్కీ ఆడించాల్సిందే. ఒకప్పుడు ఎవరో గొప్పవాళ్ళు దర్జాగా తిరిగిన బండే గానీ, మా వాకిట్లోకి వచ్చేసరికి సీట్ల తోలు పగిలింది. వెనక అద్దం ఒకటి సగం దిగి ఆగిపోయేది. నేను కామారెడ్డిలో మా ఇంటి ముందర గదిలో బ్లౌజులు కుడతాను. ఆ రోజు మిషను మీంచి లేవనైనా లేవలేదు.

“నా మీదికి సవతిని తెచ్చినవా?” అన్నాను అక్కణ్ణుంచే.

“సవతి కాదే. గిదే మనకు బువ్వ పెడ్తది, సూడు,” అన్నాడు.

పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పాలని ఆయన ఆలోచన. చెడ్డ ఆలోచనేం కాదు, ఒప్పుకుంటాను. మా వైపు పెళ్ళయ్యాక బరాత్ తీస్తారు. పూలు కట్టిన కారులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చుంటారు. ముందు డీజే బండి, దాని వెనక చుట్టాలూ దోస్తులూ ఎగరడం, వాళ్ళ వెనక కారు. ఫంక్షన్ హాలు నుంచి పెళ్ళికొడుకు ఇంటికి నడిస్తే కాసేపట్లో చేరే దూరానికి పూటంతా పడుతుంది. అలాంటి చోట పెద్ద నల్ల కారు ఉంటే ఆ ఇంటివాళ్ళకు గొప్ప. మొదటి సీజను బాగానే గడిచింది. తాడ్వాయి వెళ్ళింది, జుక్కల్ దాకా వెళ్ళి మరాఠీ పాటల బరాత్ కూడా చేసి వచ్చింది. మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తానే పెళ్ళికొడుకైనట్టు బయల్దేరేవాడు.

మాచారెడ్డిలో పరువు పోయింది. బరాత్ సగంలో ఉండగా బానెట్ కింద నుంచి బుస్సుమని పొగలు. పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగి, పక్కన ఎవరిదో ఆటో ఎక్కాల్సి వచ్చింది. పెళ్ళికొడుకు దోస్తులు కారును నెట్టారు. నెట్టేవాళ్ళు నెడుతుంటే, వీడియో తీసేవాళ్ళు తీశారు. తెల్లారేసరికి అది కామారెడ్డిలో ప్రతి ఫోనులోనూ ఉంది. నా దగ్గరికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆవిడ కూడా కొలతలు ఇస్తూ ఇస్తూ నవ్వింది. ఆవిడ జాకెట్టు కావాలనే ఆలస్యం చేశాను.

ఆ తర్వాత మా కారు చెప్పి పెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోను చేసి వేరే కారు మాట్లాడుకున్నామన్నారు. మిగిలింది ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ కొడుకు పెళ్ళి ఒక్కటే. అదీ చిన్నమ్మ నా మొహం చూసి వద్దనలేకపోయింది.

మా ఆయన కారు మీద గుడ్డ కప్పేశాడు. తర్వాత ఒకరోజు అన్నం తింటూ, తల వంచుకునే అన్నాడు. “ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చి వచ్చిన. గీ ఎల్లారెడ్డి పెండ్లి సక్కగ అయితే ఉంట. కాకపోతే మల్ల పోత.”

నేను చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ ఫోనులో ఆయన మొదటి మాట “తిన్నవా?” అనే. నేను “తిన్న” అనేదాన్ని. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండేది. ఒక్కదాన్నే కంచం ముందు కూర్చుని మింగిన అన్నానికి, సముద్రం అవతలున్న మనిషికి జవాబు చెప్పడం ఏమిటి? ఇంకోసారి ఆ ఫోను మొహంలో మనిషిని చూస్తూ బతకడం నా వల్ల కాదు. అప్పటిదాకా ఆ కారును తిట్టని రోజు లేదు. ఆ రోజు నుంచి దాని ఆరోగ్యం నా పూచీ అయింది.

బస్టాండు అవతల రేడియేటర్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. అది నడిపే భాయ్ మా అన్న వయసువాడు. కారు ముందు భాగం విప్పి, రేడియేటర్ బయటికి తీసి నేల మీద పెట్టాడు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా నిలువునా పగిలింది. మధ్యలో సన్నటి గొట్టాలు తుప్పూ ఉప్పూ పట్టి పూడుకుపోయాయి. ఇంజన్లో కాగిన నీళ్ళు ఆ గొట్టాల్లోకి వచ్చి, గాలికి చల్లారి, మళ్ళీ ఇంజన్లోకి పోవాలి. పోయే దారే లేదు.

“ఏం నీళ్ళు పోసిన్రు?” అన్నాడు భాయ్.

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇంటి బోరు నీళ్ళు. బిందె నల్లా కింద పెడితే అంచుకు తెల్లగా ఉప్పు కట్టే నీళ్ళు.

“ఇగ దీన్ని బాగుచేసుడు కాదు చెల్లె, మార్చుడే,” అన్నాడు.

ఏది పెట్టాలన్న దగ్గర మొదలైంది పంచాయితీ. భాయ్‌కి ట్రాక్టర్ల పని అలవాటు. రాగి గొట్టాలతో తానే కొత్తది కట్టిస్తానని, అది నీ మనవల దాకా ఉంటుందని అన్నాడు. మా ఆయనకేమో కంపెనీ ముద్ర ఉన్నదే కావాలి. కొత్తది కంపెనీలో అడిగితే ధర విని ఫోను పెట్టేశాం. అది వచ్చేలోగా పెళ్ళి కూడా అయిపోతుందట. అందుకని హైదరాబాదులో తుక్కుకు కోసిన అలాంటి కారుది ఒకటి చూసి పెట్టుకున్నాడు. “పాతదైనా అసల్ మాల్,” అని ఒకటే పాట. ఇక మూడోది, ఫోనులో దొరికింది. బొమ్మలో మెరిసిపోతోంది, చవక, రెండు రోజుల్లో ఇంటికే వస్తుందట.

నాకు ఇంజన్ల సంగతి తెలియదు. కొలతల సంగతి తెలుసు. ఎవరైనా జాకెట్టుకు ఆది తెచ్చినట్టు, ఆ పగిలిన రేడియేటర్ని పాత దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చి, టేపుతో పొడుగూ వెడల్పూ మందమూ అన్నీ కొలిచాను. ముందు భాయ్ రాగి మాట తేల్చాను. ఆయన కట్టేది మందం ఎక్కువ. పెడితే వెనక తిరిగే ఫ్యానుకు తగులుతుంది. భాయ్ ఒప్పుకోవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. “జర చెక్కి పెడ్త తియ్,” అన్నాడు. “చెక్కుడేందన్నా, అది కారు, కట్టె కాదు,” అన్నాను. ఆయనా నవ్వాడు గానీ కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

దానికి బదులుగా మా ఆయన ‘అసల్ మాల్’ను భాయ్ పడగొట్టాడు. మా కారుకు గేర్లు వాటంతటవే పడతాయి. ఆ గేర్ల నూనె కూడా చల్లబడటానికి రేడియేటర్ లోపలికే వస్తుంది. అందుకే దానికి నీళ్ళ గొట్టాలతో పాటు చిన్నవి ఇంకో రెండు మూతులు ఉంటాయి. పాతదాంట్లో లోపలి గోడ తుప్పు పట్టి ఉంటే పైకి కనిపించదు. నీళ్ళు పోయి నూనెలో కలిస్తే గేర్‌బాక్స్ ఖతం.

“గప్పుడు కారు అమ్ముకొని విమానం టికెట్ కొనుక్కో,” అన్నాడు భాయ్ నవ్వుతూ. ఆయనకేం తెలుసు పాపం! ఏజెంటు దగ్గరున్న పాస్‌పోర్టు సంగతి నేను చెప్పలేదు.

ఫోనులో మెరిసిందాని కథ నేనే తేల్చాను. అమ్మేవాడికి ఫోను చేసి మందం ఎంత అని అడిగాను.

“ఫిట్ అవుతుంది మేడం,” అన్నాడు.

“ఫిట్ అవుడు కాదయ్యా, మందం ఎంత?”

“గ్యారంటీగా ఫిట్ అవుతుంది మేడం.”

ఫిట్ అవుతుంది సరే! హుక్కులు పడ్డంత మాత్రాన జాకెట్టు సరిపోయినట్టా? చెయ్యెత్తితే చంకలో పిగిలేవి నేనెన్ని చూడలేదు! చివరికి కొలిచి చెప్పించాను. మా ఆదిలో సగం మందమే. గేర్ల నూనెకు మూతులు కూడా లేవు.

ఆఖరికి భాయ్‌కి తెలిసిన హైదరాబాద్ కొట్టులో దొరికింది. కంపెనీది కాదు, కొత్తదే, మందం మా ఆదికి సరిగ్గా సమానం, నూనె మూతులు రెండూ ఉన్నాయి. చవకా కాదు, మరీ మోయలేనంతా కాదు. మా ఆయన ముద్ర లేదని గొణిగాడు.

“ముద్రను సూసి చల్లవడ్తదా నీ ఇంజను?” అన్నాను.

“నీ నోరు మాత్రం గరం ఉంటది ఎప్పుడు,” అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు. పార్సిలు బస్సులో వచ్చింది. బస్టాండులోనే అట్టపెట్టె విప్పి టేపు పెట్టి చూశాను. పార్సిలు ఆఫీసాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

భాయ్ దాన్ని బిగించి, రబ్బరు గొట్టాలు కూడా కొత్తవి వేసి, బోరు నీళ్ళకు బదులు డబ్బా కూలెంట్ పోశాడు. ఇంజను నడుస్తుండగా తన భుజం మీది దస్తీ తీసి కారు ముందున్న జాలీకి దగ్గరగా పట్టుకుని వదిలేశాడు. దస్తీ కింద పడలేదు. వెనక ఫ్యాను లాగుతుంటే జాలీకి అంటుకుని అట్లాగే నిలబడింది.

“సూసినవా చెల్లె, గీ జాలీనే దీనికి ముక్కు. మంచిగ గుంజుతది గాలి,” అన్నాడు.

మరునాడు పరీక్షకని ఇద్దరం తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా పోయి వచ్చాం. మంచి ఎండ. మా ఆయన దుబాయ్ రోడ్డు అనుకున్నాడేమో, అట్లా తోలాడు. వేడి చూపించే ముల్లు మధ్యలో కూర్చుని, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కదల్లేదు. ఆ దారిలోనే ఆయన చాలా రోజుల తర్వాత నవ్వుతూ మాట్లాడటం విన్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలో ఒక చిన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. బరాత్ కారు ఆ వేగంతో పోదు. ఊరికే నిలబడి, జరుగుతూ, మళ్ళీ నిలబడి పోతుంది. దానికి రోడ్డు గాలి తగలదు. ఆ ఫ్యాను గుంజినంతే గాలి.

పెళ్ళి రోజు భోజనాలప్పుడు నేను లోపల ఆడవాళ్ళతో ఉన్నాను. బయటికి వచ్చేసరికి కారుకు పూల పని అయిపోయింది. ఎంత బాగుందో! ముందు భాగమంతా నిండేటట్టు థర్మాకోల్ పలక పెట్టి, దానికి బంతిపూలు గుచ్చి, నడుమ గులాబీలతో తమ్ముడి పేరూ మరదలి పేరూ రాశారు. మా ఆయన దానితో ఫోటో కూడా దిగాడు. నేనే తీశాను.

పొద్దు వాలుతుండగా బరాత్ కదిలింది. నేను ఆడవాళ్ళతో కారు పక్కనే నడుస్తున్నాను. ఎల్లారెడ్డి బజారు మొదట్లోనే డీజే వాడు బండి ఆపి పాట పెంచాడు. ఎవరూ ముందుకు కదలరు. కాసేపటికి తమ్ముడు లోపల నుంచి అద్దం దించి, చెమట తుడుచుకుంటూ “బావ ఏసీ బంద్ చేసిండక్కా,” అన్నాడు. ఇంజను వేడెక్కితే తప్ప మా ఆయన ఏసీ ఆపడు. అద్దంలోంచి చూశాను. ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, ముల్లు మీద ఉన్నాయి. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. ఆ మొహం నేను ఇంతకు ముందు చూశాను, ఎయిర్‌పోర్టులో, లోపలికి పోయే ముందు.

ఏం చేయాలో తోచక కారు ముందుకు వచ్చాను. పూల పలక కారుకు అతుక్కుపోయి ఉంది. దాని అంచున వేలాడే బంతి రేకలు లోపలికి గుంజుకుపోతున్నాయి. జాలీకి అంటుకున్న భాయ్ దస్తీ కళ్ళ ముందు మెదిలింది. ముక్కు! దాని ముక్కు మేమే మూశాం. మాచారెడ్డిలోనూ ముందంతా పూలే. ప్రతి పెళ్ళికీ పూలే.

ఇక ఆగలేదు. రెండు చేతులతో ఆ పలక పట్టుకుని పటపటా పీకేశాను.

డీజే ఆగినట్టయింది. చిన్నమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. “ఓ బిడ్డా! పెండ్లి కారు పూలు పీకుతవానే! పిల్లల పేర్లు ఉన్నయ్ గదనే దాని మీద! గింత కీడు నా ఇంటికా?”

“కారు నడుమల ఆగితే కీడు కాదా సిన్నమ్మా? మాచారెడ్డి లెక్క నీ కోడలు ఆటోల రావాల్నా?” అన్నాను. అందరూ చూస్తున్నారు. పెళ్ళికూతురు తరఫు వాళ్ళు గుసగుసలాడుతున్నారు. పలక కింద పడేస్తే నిజంగానే కీడు అంటారు. దాన్ని తీసుకెళ్ళి చిన్నమ్మ చేతుల్లో పెట్టాను. “పేర్లు కారు మీదెందుకు, నువ్వే పట్టుకో. నీ కొడుకు పేరు, నీ కోడలు పేరు. అందరి కంటే ముందట నడువు.”

చిన్నమ్మ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. ఆ పలక వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసింది. తర్వాత దాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. డీజే వాడు పాట మార్చాడు. మా చిన్నమ్మ, మోకాళ్ళ నొప్పులని పెళ్ళంతా కుర్చీలోంచి లేవని మనిషి, ఆ పలకతో నడి బజారులో ఎగిరింది. ఆమె దగ్గర నుంచి ఒకరు, వాళ్ళ దగ్గర నుంచి ఇంకొకరు దాన్ని నెత్తికెత్తుకున్నారు.

నేను కారు పక్కన నడుస్తూ అద్దంలోకి చూడ్డానికి భయపడ్డాను. చాలాసేపటికి అద్దాలు పైకి లేచిన చప్పుడైంది. మళ్ళీ ఏసీ వేశాడు.

తమ్ముడి ఇంటి ముందు హారతి ఇచ్చి కొత్త జంటను లోపలికి తీసుకుపోయారు. జనమంతా వాళ్ళ వెంట వెళ్ళారు. కారు దగ్గర మేమిద్దరమే మిగిలాం. మా ఆయన దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడ్డాడు. ఆయన తెల్ల చొక్కా వీపంతా తడిసి ఉంది.

“రేపు పొద్దుగాల ఏజెంటు కాడికి పోయి పాస్‌పోర్టు వాపస్ తెచ్చుకుంట,” అన్నాడు.

కొంగుతో మొహం తుడుచుకున్నాను. చేతులకు బంతిపూల వాసన.

“తిన్నవా?” అన్నాడు.

ఒళ్ళు మండలేదు. “తినలే,” అన్నాను. “నడు, కలిసి తిందాం.”